సగంలో ఆగిన ఆర్‌ఎక్స్ 100: ఉంచుకోవాలా, నమ్మకంగా తిరిగే బండితో మార్చుకోవాలా? ఎలా తేల్చుకోవాలి

ఈ నిర్ణయం చాలామంది రోడ్డు పక్కన నిలబడి తీసుకుంటారు. డ్యూటీకి టైమైపోతుంటుంది, ఇరవై కిక్కులు కొట్టినా బండి లేవదు, ఆ కోపంలో ఎంతకైనా ఇచ్చేయాలనిపిస్తుంది. వారం తిరగ్గానే అదే బండి ఒక్క కిక్కుకు లేచి టింగుమని మోగుతుంది. ఇంకో ఐదు వేలు పెడితే పూర్తయిపోతుందని మనసు మళ్ళీ మెత్తబడుతుంది. ఈ రెండు పూటల్లోనూ నిర్ణయం తీసుకోకండి. ఒక ఆదివారం, ఒక నోటుపుస్తకం, కొన్ని పనిముట్లు ఉంటే చాలు, అంకెలతో తేలిపోయే విషయమిది.

ఇక్కడ చెప్పేదంతా యమహా ఆర్‌ఎక్స్ 100ను ఎదురుగా పెట్టుకుని చెబుతున్నది. 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన ఈ 98 సీసీ టూ స్ట్రోక్ బండే మన ఊళ్ళలో షెడ్డు మూలన సగం విప్పి ఎక్కువగా కనబడుతుంది. యెజ్డీ రోడ్‌కింగ్, రాజ్‌దూత్ 350, పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ ఉన్నవాళ్ళకూ లెక్క కట్టే పద్ధతి ఇదే, స్పేర్ల పేర్లు మారతాయంతే. బుల్లెట్ ఫోర్ స్ట్రోక్ కాబట్టి కింద చెప్పిన టూ స్ట్రోక్ ఇంజన్ పరీక్షలు మాత్రం దానికి వర్తించవు.

మొదట: ఆ బండి మీద మీ బతుకు ఎంత ఆధారపడి ఉంది?

గడిచిన 90 రోజులు గుర్తు చేసుకుని మూడు అంకెలు రాయండి. బండి కదలకుండా పడి ఉన్న రోజులు ఎన్ని? అది మొరాయించినందుకు ఆటో ఎక్కిన, బస్సెక్కిన, ఇంకొకరి బండి అడిగిన రోజులు ఎన్ని? రోజుకు తిరగాల్సిన కిలోమీటర్లు ఎన్ని?

ఇంట్లో పనికి వెళ్ళడానికి వేరే బండి ఉంటే రెండో అంకె మిమ్మల్ని పెద్దగా బాధించదు. ప్రాజెక్టు బండి, అంటే విప్పి బాగుచేసుకుంటున్న బండి, తన తీరికలో తయారవుతుంది. వేరే బండి లేకపోతే మాత్రం లెక్క మారిపోతుంది. ఉన్న ఒక్క బండినే విప్పుతూ దాని మీదే ఉద్యోగానికి వెళ్ళాలనుకుంటే రెండూ చెడతాయి. సోమవారానికి నడవాలి కాబట్టి ఆదివారం రాత్రి దొరికిన నకిలీ స్పేరు వేసి మూసేస్తారు. ఆ స్పేరు మూడు వారాల్లో పోతుంది, పోతూ పక్కదాన్నీ పాడు చేస్తుంది. ప్రాజెక్టు బళ్ళు ఏళ్ళ తరబడి సాగడానికి డబ్బు లేకపోవడం కంటే ఈ తొందరే ఎక్కువ కారణం.

ఇంధనం లెక్క కూడా ఇక్కడే వేసేయండి. రోజుకు 40 కి.మీ., నెలకు 25 రోజులు, అంటే 1000 కి.మీ. మంచి కండిషన్‌లో ఉన్న ఆర్‌ఎక్స్ లీటరుకు 35 ఇచ్చిందనుకుంటే 28.5 లీటర్లు. లీటరు 108 రూపాయలనుకుంటే సుమారు 3,080. లీటరుకు 60 ఇచ్చే 100 సీసీ ఫోర్ స్ట్రోక్‌కు 16.7 లీటర్లు, సుమారు 1,800. ఆర్‌ఎక్స్ ఖర్చుకు 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలుతో పాటు కాలే ఆయిల్) కూడా కలపండి. లీటరుకు 25 మి.లీ. చొప్పున నెలకు 700 మి.లీ. పైమాటే. అంతా కలిపితే నెలకు 1,500 రూపాయలు అటూఇటుగా తేడా, ఏడాదికి 18,000. రోజుకు 8 కి.మీ. తిరిగేవాళ్ళకు ఈ తేడా లెక్కలోకే రాదు. అందుకే పక్కవాళ్ళ లెక్క మీకు పనికిరాదు, మీ కిలోమీటర్లతోనే వేసుకోండి.

తర్వాత: బండికి నిజంగా ఏమైందో తెలుసుకోండి

ఇంజన్ పోయిందనే మాటకు అర్థం లేదు. ఏ భాగం పోయిందో తెలిస్తేనే ధర తెలుస్తుంది. ప్లగ్గు స్పానర్, కంప్రెషన్ గేజి (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచేది), ఫీలర్ గేజి, మల్టీమీటర్, మంచి టార్చి దగ్గర పెట్టుకోండి. గేజి లేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర గంటసేపు అడిగి తెచ్చుకోండి.

ప్లగ్గు విప్పి దాని ముక్కు చూడండి. ఇటుకపొడి లేదా కాఫీ రంగులో పొడిగా ఉంటే మంట సరిగా ఉంది. నల్లగా తడిగా ఉంటే ఆయిలో పెట్రోలో ఎక్కువవుతోంది. తెల్లగా సున్నంలా ఉంటే జాగ్రత్త పడాలి. ఎక్కడినుంచో గాలి లాగుతోంది, పెట్రోలు చాలడం లేదు, అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది.

ప్లగ్గు రంధ్రానికి గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఇక పైకి లేవనంతవరకు కిక్కు కొట్టండి. ఆరేడు కిక్కులు చాలు. 100 పీఎస్‌ఐ పైన నిలబడితే పై భాగం బతికే ఉంది. 90 కూడా దాటకపోతే పిస్టన్ రింగులో బోరో (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. అప్పుడు ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా 2టీ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. ముల్లు గట్టిగా పెరిగితే తప్పు రింగుల దగ్గర, బోరు దగ్గర. పెరగకపోతే హెడ్ గ్యాస్కెట్ చుట్టూ మసి గీతలు ఉన్నాయేమో వెతకండి. గ్యాస్కెట్ అయితే చిన్న పని.

ఇప్పుడు సైలెన్సర్ విప్పండి. టూ స్ట్రోక్‌లో ఉన్న సౌకర్యం ఇదే, ఎక్జాస్ట్ పోర్టులోంచి (పొగ బయటికి పోయే రంధ్రం) లోపలికి చూడొచ్చు. టార్చి వేసి, కిక్కర్‌ను చేత్తో మెల్లగా నొక్కుతూ పిస్టన్‌ను పైకీ కిందికీ కదపండి. దాని పక్కగోడ నునుపుగా, మబ్బు రంగులో మెరిస్తే సరే. నిలువుగా గోరు తగిలేంత గీతలు ఉంటే ఒకప్పుడు పట్టేసిన బండి అది. రింగులు పోర్టు ముందు నుంచి పోతున్నప్పుడు పుల్లతో మెల్లగా నొక్కి చూడండి. స్ప్రింగులా లోపలికి వెళ్ళి తిరిగి రావాలి. కదలకపోతే మసికి అతుక్కుపోయాయి.

సిలిండర్ ఎలాగూ విప్పి ఉంటే పిస్టన్ నెత్తి మీద మసి గీకి అంకె చూడండి. అసలు బోరు 50 ఎం.ఎం. ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25 ఎం.ఎం. చొప్పున పెరుగుతూ 1.00 దాకా వస్తాయి. మీ దాంట్లో 0.25 ఉంటే ఇంకా చాలా ఆయుష్షు ఉంది. 1.00 ఉంటే మళ్ళీ బోరు కొట్టించే, అంటే సిలిండర్‌ను ఇంకాస్త పెద్దగా చెక్కించే చోటు లేదు. కొత్త స్లీవ్ (సిలిండర్ లోపలి గొట్టం) వేయించాలి లేదా బ్లాకు మార్చాలి. ధరలో పెద్ద తేడా తెచ్చేది ఈ ఒక్క అంకే. కొనేవాళ్ళలో తెలిసినవాళ్ళు ముందు అడిగేదీ ఇదే.

క్రాంకు సంగతి

పిస్టన్ పైకీ కిందికీ కదలడాన్ని తిరుగుడుగా మార్చే ఇరుసే క్రాంకు. ఎక్కువ ప్రాజెక్టులు మునిగిపోయేది ఇక్కడే. బోరు, పిస్టన్ కొత్తగా వేసి, క్రాంకు బాగానే ఉందనుకుని మూసేస్తారు. 300 కి.మీ. తిరగకముందే శబ్దం మొదలవుతుంది, మళ్ళీ మొత్తం విప్పాలి.

ఎడమ కవరు తీసి మ్యాగ్నెట్ చక్రాన్ని రెండు చేతులతో పట్టి పైకీ కిందికీ ఊపండి. ఏ మాత్రం కదలిక తగిలినా మెయిన్ బేరింగులు పోయినట్టే. తర్వాత పిస్టన్‌ను సగం దారిలో ఆపి, దాని మీద ప్లగ్గు రంధ్రంలోంచి సన్నని పుల్ల ఆనించి, మ్యాగ్నెట్‌ను కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ తిప్పండి. చక్రం తిరుగుతున్నా పుల్ల కదలకుండా ఉండి, ఆ తర్వాత లోపల టక్కుమంటే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు అరిగింది. సిలిండర్ విప్పి ఉంటే పరీక్ష ఇంకా తేలిక. రాడ్‌ను పూర్తిగా పైకి తెచ్చి, బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టి నిటారుగా లాగి నొక్కండి. ఆ దిశలో కదలిక సున్నా ఉండాలి. పక్కలకు కొద్దిగా జరగడం తప్పు కాదు, అలా జరగాలి కూడా. చాలామంది ఆ పక్క కదలిక చూసి భయపడి మంచి క్రాంకునే విప్పిస్తారు.

క్రాంకుకు రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్ళు చిన్న భాగాలే, కానీ బండి మొండికేయడానికి అసలు కారణం చాలాసార్లు అవే. ఎడమ సీలు పోతే బయటి గాలి లోపలికి పోతుంది. యాక్సిలరేటర్ వదిలినా రేసు వెంటనే దిగదు, ఐడ్లింగ్ ఒకచోట నిలవదు, ప్లగ్గు తెల్లబడుతుంది. కుడి సీలు పోతే గేరు ఆయిల్ ఇంజన్‌లోకి లాగేస్తుంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంది, గేరు ఆయిల్ దించి చూస్తే పోసినంత రాదు. సీళ్ళ ధర తక్కువే గానీ కుడి సీలు కోసం క్లచ్ వైపు విప్పాలి, మజూరీ దానికే పడుతుంది. బండి ఇక అయిపోయిందని అమ్మేసేవాళ్ళలో కొందరికి పోయింది ఎడమ సీలు మాత్రమే. అందుకే ఈ పరీక్ష చేయకుండా బేరానికి దిగకండి.

ఆయిల్ పంపు దగ్గర ఇంకో మాట. పాత ఓనర్లలో చాలామంది పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపారు. మీ బండిలో ఏది నడుస్తోందో ఖాయం చేసుకోండి. పంపూ పనిచేస్తూ పెట్రోల్లోనూ కలిపితే సైలెన్సర్ మసితో పూడిపోతుంది. రెండూ లేకపోతే కొద్ది కిలోమీటర్లలోనే పిస్టన్ పట్టేస్తుంది. పంపు లేని బండికి లీటరుకు 40 మి.లీ. కలిపితే 1:25 అవుతుంది, పాత పద్ధతి అదే. బండి చేతులు మారేటప్పుడు ఈ ఒక్క విషయం కాగితం మీద రాసి ట్యాంకుకు అంటించి ఇవ్వండి. కొన్నవాళ్ళు పంపు ఉందనుకుని ఒట్టి పెట్రోలు పోయించుకుని ఇల్లు చేరేలోపే ఇంజన్ పోగొట్టుకోవడం మామూలే.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. ముందు చక్రం గాలిలో ఉంచి హ్యాండిల్ తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) పోయింది. వెనక చక్రాన్ని పక్కలకు ఊపితే ఆడేది స్వింగ్ ఆర్మ్ బుష్ గానీ చక్రం బేరింగు గానీ. రెండు టైర్ల పక్కగా దారం లాగి పట్టి ఫ్రేము వంగిందేమో చూడండి. రెండో గేరు, మూడో గేరు లోడు మీద జారుతుంటే కేసు విప్పాల్సిందే, అది పెద్ద ఖర్చు. ట్యాంకు మూత తీసి టార్చి వేయండి. ఎర్రటి పొడి కనబడితే కార్బురేటర్ ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్ళీ మూసుకుపోతుంది.

పెట్రోలు కూడా మారిపోయింది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. పాత రబ్బరు పైపులు, పెట్రోల్ ట్యాప్ వాషర్లు, ఫ్లోట్ నీడిల్ కొన దానికి ఉబ్బి పగులుతాయి. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి నిలబడితే ఆ నీరు వేరుపడి ట్యాంకు అడుగుకు చేరుతుంది, కార్బురేటర్‌కు ముందు అదే వెళ్తుంది. వారం నిలబెడితే లేవడం లేదనే ఫిర్యాదు ఉంటే ఇంజన్ మీద అనుమానపడే ముందు ట్యాంకు ఖాళీ చేసి తాజా పెట్రోలు పోసి చూడండి.

కాగితాలు: బండి విలువలో సగం ఇక్కడే

ఇనుము ఎంత బాగున్నా ఆర్‌సీ లేని ఆర్‌ఎక్స్ 100 స్పేర్ల కుప్ప కిందే లెక్క. ఆఖరున తయారైన బండికి కూడా 20 ఏళ్ళు ఎప్పుడో దాటాయి. మొదటి 15 ఏళ్ళ తర్వాత అయిదేసి ఏళ్ళకు ఒకసారి ఫారం 25తో రెన్యువల్ చేయించాలి, బండిని ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. 20 ఏళ్ళు దాటిన మోటారుసైకిల్‌కు ఈ రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో 2,000 రూపాయలకు పెంచారు. గడువు దాటితే నెలకు 300 చొప్పున ఆలస్య రుసుము వేయొచ్చని 2022 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. గ్రీన్ ట్యాక్సు వేరే. ఏళ్ళ తరబడి వదిలేసిన బండికి ఇవన్నీ కలిస్తే ఎంతవుతుందో నోటిమాటగా వినకండి, మీ ఆర్టీఏ ఆఫీసులో రాయించుకుని రండి.

1989కి ముందు రిజిస్టరైన బళ్ళకు మూడక్షరాల పాత నంబర్లు ఉంటాయి, ఆర్‌సీ పుస్తకం రూపంలో ఉంటుంది. ఆ రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో ముందే చూసుకోండి. ఎక్కకపోతే పేరు మార్పిడీ జరగదు, రెన్యువలూ జరగదు. ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి, దానికి వారాలు పడుతుంది. ఆర్‌సీ మీద ఉన్న ఓనరు చనిపోయి ఉంటే వారసుల సంతకాలు కావాలి. ఛాసిస్ నంబరు మీద పెయింటు గీకి, కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి, ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఆర్‌ఎక్స్ 100 ఛాసిస్‌లో వేరే ఇంజన్, ముఖ్యంగా ఆర్‌ఎక్స్ 135 ఇంజన్ పెట్టినవి చాలా తిరుగుతున్నాయి. ఆర్‌సీలో 98 సీసీ రాసి ఉండి కింద 132 సీసీ ఉంటే ఇన్‌స్పెక్షన్‌లో ఆగుతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా తంటా వస్తుంది.

ఇక లెక్క కట్టండి

ఒక పేజీని మూడు భాగాలు చేయండి. నడవడానికి కావలసినవి ఒకటి: బోరు, పిస్టన్, క్రాంకు, సీళ్ళు, కార్బురేటర్, కాయిల్. ప్రాణం కాపాడేవి రెండోది: బ్రేకు లైనర్లు, టైర్లు, కోన్ సెట్, చైన్ స్ప్రాకెట్, లైట్లు. అందం కోసం చేసేవి మూడోది: పెయింటు, క్రోము, స్టిక్కర్లు. ప్రతి దానికీ స్పేర్ల షాపు, లేతు షాపు, మెకానిక్ ముగ్గురి దగ్గరా విడివిడిగా ధర రాయించండి. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఒక పూట తిరిగితే ఏది దొరుకుతుందో, ఏది దొరకదో తేలుతుంది. దొరకని భాగం పక్కన ధర రాయకండి, ప్రశ్నార్థకం పెట్టండి. మూడు ప్రశ్నార్థకాలు దాటితే ఆ బండి ఎప్పటికి పూర్తవుతుందో ఎవరూ చెప్పలేరు.

వచ్చిన మొత్తానికి 40 శాతం కలపండి. విప్పాక బయటపడేవి తప్పకుండా ఉంటాయి. దానికి కాగితాల ఖర్చు కలపండి. ఇప్పటిదాకా పెట్టింది మాత్రం ఈ పేజీలో రాయకండి. వదిలిన చేతి చమురు ఉంచుకున్నా తిరిగి రాదు, అమ్మినా తిరిగి రాదు.

ఇంకో పేజీలో రెండు ధరలు రాయండి. ఉన్నది ఉన్నట్టుగా ఇస్తే ఎంత? పూర్తయి, కాగితాలు సరిగా ఉంటే ఎంత? అమ్మకానికి పెట్టినవాళ్ళు అడిగే ధర కాకుండా, నిజంగా చేతులు మారిన ధరలు మెకానిక్‌ల దగ్గర వాకబు చేయండి. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే: ఇప్పుడు 35,000, పూర్తయితే 80,000, తేడా 45,000. మిగిలిన పని 30,000, 40 శాతం కలిపితే 42,000, కాగితాలకు 6,000, మొత్తం 48,000. అంటే పూర్తి చేసినా 3,000 మీరే ఎదురు పెట్టాలి, ఆరు నెలల ఆదివారాలు అదనం. అదే బండికి ఎడమ సీలు, కార్బురేటర్ మాత్రమే కావాలంటే 8,000లో అయిపోతుంది, అప్పుడు దాన్ని ఇప్పుడే మార్చుకోవడం నష్టం.

ఎప్పుడు వదులుకోవాలి, ఎప్పుడు ఉంచుకోవాలి

పనికి ఆ ఒక్క బండే ఉండి, క్రాంకుగానీ గేరుబాక్సుగానీ విప్పాల్సి ఉంటే మార్చేయండి. బోరు 1.00కు చేరి, ఆర్‌సీ కూడా తప్పిపోయి ఉంటే మార్చేయండి. గడిచిన ఏడాదిలో మీరు బండి మీద పని చేసిన రోజులు పది కూడా లేకపోతే, వచ్చే ఏడాదీ ఉండవు. ఇంట్లో ఎవరికైనా రాత్రిపూట అర్జంటుగా ఆసుపత్రికి వెళ్ళాల్సిన అవసరం పడే పరిస్థితి ఉంటే ఈ లెక్కలేవీ వేయనక్కర్లేదు, ముందు నమ్మకంగా లేచే బండి ఇంట్లో ఉండాలి.

కాగితాలు శుభ్రంగా ఉండి, క్రాంకు గట్టిగా ఉండి, బోరులో ఆయుష్షు ఉంటే, నాన్నగారో తాతగారో కొన్న బండి అయితే తొందరపడకండి. అలాంటి ఆర్‌ఎక్స్ మళ్ళీ కొనాలంటే దొరకడం కష్టం. అప్పుడు సరైన దారి మార్చుకోవడం కాదు, తక్కువ ధరలో పాత 100 సీసీ బండి ఒకటి పనికి తెచ్చుకుని దీన్ని తీరిగ్గా చేసుకోవడం. డబ్బుకు ఇబ్బంది లేనివాళ్ళు ఇష్టం కోసమే పూర్తి చేసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఎంత ఎదురు పెడుతున్నారో తెలిసి పెట్టాలి.

ఒకటి గుర్తుంచుకోండి. కొత్త బోరు పడ్డాక కనీసం 500 కి.మీ. మెత్తగా నడపాలి. నిండా లోడు, ఒకే స్పీడు, మండుటెండలో హైవే పనికిరావు. బండి పూర్తయిన మర్నాటి నుంచే డ్యూటీకి వాడేస్తాం అనుకుంటే పొరపాటు.

బదులుగా ఏ బండి?

నమ్మకం కావాలంటే మీ ఊరి మెకానిక్ కళ్ళు మూసుకుని విప్పగలిగేది, స్పేర్లు మండల కేంద్రంలోనే దొరికేది చూడండి. స్ప్లెండర్, ప్లాటినా, షైన్, యూనికార్న్ లాంటివి. స్ప్లెండర్ ప్లస్ ఇంజన్ 97.2 సీసీ, మీ ఆర్‌ఎక్స్‌కు దాదాపు సమానం. ఆర్‌ఎక్స్ 11 హార్స్ పవర్ ఇస్తే ఇది 8 ఇస్తుంది. బరువెక్కువ మనుషులతో, ఘాట్ రోడ్డు మీద తిరిగేవాళ్ళు 125 గానీ 160 గానీ ఎంచుకోండి. లేకపోతే రెండో నెల నుంచే పాత బండి గుర్తొస్తుంది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బళ్ళు ఎక్కువగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. కార్బురేటర్ బాధ ఉండదు, కానీ బ్యాటరీ బాగుండాలి. తాళం తిప్పగానే ఇంజన్ లైటు వెలిగి ఆరిపోవాలి. వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా అనుమానించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి పాత బండి అమ్మేవాళ్ళు పన్ను తగ్గకముందు కొత్త బండికి ఉన్న ధర చూపించి బేరమాడితే ఒప్పుకోకండి.

పాత బండి చూడ్డానికి వెళ్తే ముందుగా చెప్పకుండా పొద్దున్నే వెళ్ళండి, ఇంజన్ చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచితే ఏదో దాస్తున్నారు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. హెడ్డు పక్క నుంచి కరకరమంటే టైమింగ్ చైను. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 3521 అంటే 2021లో 35వ వారం తయారైంది. మీటరు 12,000 చూపిస్తూ ఫుట్‌రెస్టు రబ్బరు, గేరు లివరు రబ్బరు నున్నగా అరిగి ఉంటే ఆ మీటరు నమ్మకండి. పెండింగ్ చలాన్లు, ఫైనాన్సు, ఇన్సూరెన్స్ మూడూ నంబరు కొట్టి చూసుకోండి. ఫైనాన్సు తీరిందంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతిలో ఉండాలి.

మార్చుకునే రోజు

షోరూమ్ ఎక్స్ఛేంజ్‌కు ఆర్‌ఎక్స్ ఇవ్వకండి. వాళ్ళు పాత బండి రేటు కడతారు, ఆర్‌ఎక్స్ విలువ దాన్ని కోరుకునేవాళ్ళ దగ్గరే ఉంది. విడిగా అమ్మి ఆ డబ్బుతో కొనడం మేలు. బండికి బండి మార్పిడి కుదిరితే రెండిటికీ ధర కట్టి, తేడా డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి.

అమ్మే ముందు పెట్టుబడి పెట్టదగ్గవి కొన్నే. కార్బురేటర్ శుభ్రం, కొత్త ప్లగ్గు, పెట్రోల్ పైపు, బ్యాటరీ, ఆర్‌సీ రెన్యువల్. ఎదుటివాళ్ళ ముందు మూడో కిక్కులోపు లేచిన బండికి, లేవని బండికి ధరలో చాలా తేడా ఉంటుంది. పెయింటు వేయించకండి. కొత్త పెయింటు చూస్తే కింద ఏం దాచారోనని అనుమానపడతారు, పాత కంపెనీ పెయింటు అరిగి ఉన్నా దానికే గౌరవం. ఒరిజినల్ సైలెన్సర్, సైడ్ కవర్లు, మీటరు, టూల్ కిట్ ఉంటే విడిగా ఫొటోలు తీయండి. బజారులో వేసే మోత సైలెన్సర్ తీసేసి ఒరిజినల్ బిగించండి. జపాన్ ఇంజన్ అని చెప్పుకోకండి. మొదట్లో కొన్ని బళ్ళు జపాన్ నుంచి వచ్చిన భాగాలతో బిగించిన మాట నిజమే, కానీ అమ్మే ప్రతివాళ్ళూ అదే చెప్పడంతో ఆ మాటకు విలువ పోయింది. కంప్రెషన్ అంకె, పిస్టన్ సైజు చెప్పండి, తెలిసినవాళ్ళకు అవే చాలు. లోపాలు కూడా చెప్పేయండి, తర్వాత ఫోన్లు రావు.

పేరు మార్పిడికి వాడే ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు ఒకే రోజు అయిపోవాలి. వేరే రాష్ట్రానికి వెళ్ళే బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ వచ్చాకే బండి అప్పగించండి. పేరు వాళ్ళే మార్చుకుంటారులే అని సంతకం చేసిన ఖాళీ ఫారాలు ఇచ్చేయడం మన దగ్గర అలవాటు, అదే పెద్ద ప్రమాదం. రికార్డులో పేరు ఎవరిదో పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీం కోర్టు 2018లో తేల్చింది. అంటే మీరు అమ్మేసిన బండి ఎవరినైనా గుద్దితే కోర్టు మెట్లెక్కేది మీరే. అమ్మకం సంగతి 14 రోజుల్లోపు ఆర్టీఏకు తెలియజేసి రసీదు ఉంచుకోండి. కొన్న బండి ఇన్సూరెన్స్‌ను కూడా 14 రోజుల్లోపే మీ పేరుకు మార్పించండి. బండి అప్పగించిన తేదీ, సమయం, మీటరు అంకె, ఇద్దరి సంతకాలు, ఆధార్ నకళ్ళు ఒక కాగితం మీదికి తెచ్చి ఇద్దరూ ఫొటో తీసుకోండి. ఆ సాయంత్రమే మీ మీదకు చలాన్లు వస్తే ఆ సమయమే ఆధారం.

ఉంచుకోవాలని తేలితే

పని మొదలయ్యేదాకా బండిని కాపాడండి. ట్యాంకు, కార్బురేటర్ కప్పు పూర్తిగా ఖాళీ చేయండి. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా 2టీ ఆయిల్ పోసి కిక్కర్‌ను చేత్తో పదిసార్లు నొక్కి, ప్లగ్గు మళ్ళీ బిగించండి. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కండి, ఎలుకలు, తేమ పోకుండా. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టండి. చక్రాలు నేల తగలకుండా కింద దిమ్మలు పెట్టండి. విప్పిన ప్రతి భాగం బోల్టులతో సహా ఒక్కో కవర్లో వేసి మీద పేరు, తేదీ రాయండి. ఒకే డబ్బాలో పోసిన బోల్టులు ఆరు నెలల తర్వాత ఎక్కడివో మీకే గుర్తుండవు, మెకానిక్ దొరికినవి బిగిస్తాడు, అల్యూమినియం కేసులో మరలు పోతాయి. క్రాంకు, బోరు ముందు, బ్రేకులు తర్వాత, పెయింటు ఆఖరున. ఈ వరస తప్పించి ముందు పెయింటు వేయిస్తే, ఇంజన్ ఎక్కించి దింపేటప్పుడు ఫ్రేము మీద మొదటి గీత పడుతుంది.